కణానికి కావలి

కావలి అనగానే రైలుమార్గం మీద, సముద్రానికి కొద్ది దూరంలో ఉన్న మన నెల్లూరు సీమ పట్టణం తలపునకు వస్తుంది. కాని ఆ మాటకు కాపలా అనే అర్థమూ ఉన్నది. కావలి లేని చేను ఏమవుతుందో రైతుకు తెలుసు. మన దేహంలోని ప్రతి కణంలోను అటువంటి కావలి ఒకటి ఉన్నదని, అది తప్పినచోట క్యాన్సరు తల ఎత్తుతుందని గత నూరేండ్ల పరిశోధన తేల్చింది. ఆ చరిత్రలో ఒక తెలుగువాని పాలు కూడా ఉన్నది.

1911లో అమెరికా శాస్త్రజ్ఞుడు పేటన్ రౌస్ ఒక కోడి కణితినుండి రసం తీసి, కణాలు మిగలకుండా వడగట్టి, మరొక కోడికి ఎక్కించాడు. దానికీ కణితి పుట్టింది. కారణం ఒక వైరస్. శత్రువు వెలుపలినుండి వస్తున్నాడని దీనివల్ల పలువురు తలచారు. కాని 1976లో స్టెలిన్, వార్మస్, బిషప్, వోగ్ట్ అనే నలుగురు ఒక వింత చూపించారు. కణితిని పుట్టించే ఆ వైరస్ జన్యువు ఆరోగ్యవంతమైన కోడి కణంలోనే ఉన్నది! వైరస్ దానిని అక్కడినుండే అపహరించింది.

మరి ఇంటివాడే పగవాడు కావడం ఎట్లా? దీనికి 1982లో సమాధానం దొరికింది. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన ఇ. ప్రేంకుమార్ రెడ్డి అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో, బార్బాసిడ్ మొదలైన సహచరులతో కలిసి, మనిషి మూత్రాశయపు కణితిలోని రాస్ జన్యువును ఆరోగ్యకరమైన జన్యువుతో పోల్చి చదివారు. భేదం ఒక్క అక్షరం. జి ఉండవలసిన చోట టి ఉన్నది. వైన్‌బర్గ్, విగ్లర్ బృందాలు కూడా అదే ఏట ఇదే సంగతి కనుగొన్నాయి. పెరగుమని ఆజ్ఞ అందినప్పుడు పనిచేసి, పిమ్మట ఊరకుండడం రాస్ ధర్మం. ఆ అక్షరం మారినప్పుడు అది ఊరకుండలేదు. తలుపు మూతపడని చెరువు తూము వలె, దాని ఆజ్ఞ ఆగక సాగుతుంది.

అయినా ఒక్క తప్పుతో సాధారణంగా కణితి పుట్టదు. కావలి జన్యువులు అడ్డుపడతాయి. పసిపిల్లల కంటి క్యాన్సరును పరిశీలించి, అటువంటి జన్యువు ప్రతులు రెండూ చెడితేనే వ్యాధి వస్తుందని ఆల్ఫ్రెడ్ నుడ్సన్ 1971లో ఊహించాడు. ఆ జన్యువు 1986లో చేజిక్కింది. 1979లో బయటపడిన పి53 మరొక కావలి. జన్యుపదార్థం దెబ్బతిన్నప్పుడు అది కణవిభజనను ఆపుతుంది. మరమ్మతు కాకపోతే కణాన్నే అంతం చేస్తుంది. మానవుల కణితులలో దాదాపు సగంలో ఈ కావలి చెడి ఉంటుంది.

అక్షరాలను మార్చేది ఎవరు? కొన్ని తప్పులు కణం తన ప్రతిని తానే వ్రాసుకొనేటప్పుడు దొర్లుతాయి. కొన్ని మనం చేజేతులా తెచ్చుకొంటాము. పొగాకు పొగలోని కొన్ని పదార్థాలు జన్యుపదార్థంలోని జి అక్షరానికి అంటుకొని, దాని స్థానంలో టి వచ్చేటట్లు చేస్తాయి. పొగాకు పండే మన సీమకు ఇది దూరపు కథ కాదు. ఉత్తరాన విశాఖ తీరంలో నిప్పుకొన నోటిలో ఉంచి చుట్ట తాగే అడ్డపొగ అలవాటుకు, అంగిలి క్యాన్సరుకు గల సంబంధాన్ని బొంబాయి పరిశోధకులు ఖనోల్కర్, సూర్యాబాయి 1945లోనే ప్రకటించారు.

ఈ చరిత్ర మనకు నేర్పేది ఒకటి ఉన్నది. రాచపుండు వచ్చినదంటే శాపమని, అంటువ్యాధి అని, ఆడపిల్లకు సంబంధం తప్పిపోతుందని రోగిని దాచే ఇండ్లు నేటికీ ఉన్నవి. అది శాపం కాదు, పక్కన కూర్చుంటే అంటేది కాదు. వంశంలో దిగివచ్చే చెడ్డ జన్యువువల్ల కలిగేవి నూటికి ఐదు మొదలు పది మాత్రమే. తక్కినవి జీవితకాలంలో పోగైన అక్షరదోషాలు. నోటిపుండు మూడు వారాలలో మానకపోతే దాచవద్దు, వైద్యునికి చూపించండి. కణంలోని కావలి తప్పినప్పుడు ఇంటివారే కావలి కావాలి.