వర్షర్తుచర్య: గ్రంథం, దేశం, కాలం

శ్రావణ భాద్రపద మాసాలు వర్షర్తువు. వేదం వాటిని నభస్సు, నభస్యం అనే పేర్లతో పిలిచింది. ఈ ఋతువులో ఏది పథ్యం, ఏది అపథ్యం అన్న పట్టికలు ఏటా ఆషాఢం అడుగుపెట్టగానే మనకు చేరుతూ ఉంటాయి. పెరుగు వద్దని ఒకరు, ఆకుకూరలు వద్దని మరొకరు, తేనె తప్పనిసరి అని వేరొకరు చెబుతారు. అన్నింటి చివరా ఆయుర్వేదం పేరు ఉంటుంది. ఆయుర్వేదం ఆ మాటను ఎవరికి, ఏ దేశంలో, ఏ హేతువుతో చెప్పిందన్నది మాత్రం అరుదుగా వినబడుతుంది. హేతువును విడిచిన ఆచారం ప్రాణం విడిచిన దేహం వంటిది. కనుక వర్షర్తుచర్య చరిత్రను మూలగ్రంథాల వెలుగులో ఒకసారి పరిశీలిద్దాం.

చరకసంహిత సూత్రస్థానంలో ఆరవ అధ్యాయానికి తస్యాశితీయం అని పేరు. అందులో సంవత్సరం రెండు భాగాలుగా విభజింపబడింది. శిశిర వసంత గ్రీష్మాలు ఆదానకాలం. సూర్యుడు జగత్తులోని స్నేహాంశాన్ని, ప్రాణుల బలాన్ని గ్రహిస్తాడు. వర్ష శరద్ధేమంతాలు విసర్గకాలం; చంద్రుని సౌమ్యశక్తి ఆ బలాన్ని తిరిగి ప్రసాదిస్తుంది. వర్షర్తువు విసర్గానికి ఆరంభమే అయినా, అప్పటికి మానవదేహం గ్రీష్మతాపంతో క్షీణించి ఉంటుంది. దేహంతోపాటు జఠరాగ్ని కూడా మందగిస్తుంది. తడిసిన భూమినుండి లేచే ఆవిరి, మేఘావృతమైన ఆకాశం, ఆమ్లవిపాకం పొందిన జలం ఆ అగ్నిని మరింత కుంగదీస్తాయి. అప్పుడు వాతాది దోషాలు ప్రకోపిస్తాయి. బయట జలం పెరిగిన వేళ లోపలి అగ్నిని కాపాడుకోవాలి అన్న ఈ ఒక్క సిద్ధాంతం మీదనే వర్షర్తుచర్య అంతా నిలిచింది.

విధినిషేధాలు ఈ సిద్ధాంతం నుండే పుట్టాయి. పాతబడిన యవలు, గోధుమలు, శాలిధాన్యం భుజించమన్నారు. కొత్త ధాన్యం జీర్ణానికి గురువు, పాతది లఘువు. వాననీరు గాని, కాచి చల్లార్చిన నీరు గాని, బావినీరు, చెరువునీరు గాని తాగమన్నారు. నదీజలాన్ని మాత్రం నిషేధించారు. సత్తుపిండిని నీట పలుచగా కలిపిన ఉదమంథం, పగటినిద్ర, మంచు, వ్యాయామం, ఎండ వర్జ్యాలు. అష్టాంగహృదయంలో వాగ్భటుడు నివాసాన్ని గురించి కూడా చెప్పాడు. వట్టికాళ్లతో తిరగరాదు. వస్త్రాలకు నిత్యం ధూపం పట్టాలి. ఆవిరి, చలి, తుంపర సోకని మేడమీద నివసించాలి. గోడలకు చెమ్మ ఎక్కే ఇంట్లో వానకాలం గడిపినవారికి ఈ మాటల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మవిషయం గమనించదగినది. ఆమ్ల లవణ స్నిగ్ధ ఆహారాన్ని ఋతువు అంతటా యథేచ్ఛగా తినమని చరకుడు చెప్పలేదు. గాలివానతో చలి అధికమైన దినాలలో విశేషంగా తీసుకోమన్నాడు. వాగ్భటుడు అటువంటి దినాన్ని దుర్దినం అన్నాడు. అంటే శాస్త్రం మాసాన్ని చెప్పి ఊరుకోలేదు. ఆనాటి ఆకాశాన్ని కూడా చూడమంది. ఋతువు మారే సంధికాలంలో, గడిచే ఋతువు చివరి వారం నుండి వచ్చే ఋతువు మొదటి వారం వరకు, పాత చర్యను క్రమంగా విడుస్తూ కొత్తదానిని క్రమంగా గ్రహించమని వాగ్భటుడే నియమించాడు.

సుశ్రుతసంహిత ఈ వివేకాన్ని మరింత ముందుకు తీసుకువెళ్లింది. సూత్రస్థానం ఆరవ అధ్యాయంలో ఋతువుల గణన రెండు విధాలుగా కనబడుతుంది. మొదటిది మనం ఎరిగినదే. రెండవదానిలో శిశిరం లేదు; దాని బదులు ప్రావృట్టు అనే ఋతువు చేరింది. ఆ లెక్కలో ఆషాఢ శ్రావణాలు ప్రావృట్టు, భాద్రపద ఆశ్వయుజాలు వర్షర్తువు. ఒకే గ్రంథంలో రెండు గణనలు ఎందుకు? వ్యాఖ్యాతలు కాశ్యపుని పేరిట ఒక సమాధానం చెప్పారు. గంగకు దక్షిణాన వర్షం అధికం కనుక ప్రావృట్టు, వర్షం అని రెండు వానఋతువులు. ఉత్తరాన హిమాలయ సామీప్యంవల్ల చలి అధికం కనుక హేమంతం, శిశిరం అని రెండు చలిఋతువులు. దేశాన్ని బట్టి ఋతువుల పట్టికనే మార్చుకున్న సంప్రదాయం మనది.

ఈ దృష్టితో తెలుగునేలను చూస్తే ఋతువు అంతటా ఒక్కటి కాదని తెలుస్తుంది. ఆదిలాబాదు అడవులలో నైరుతి ఋతుపవనం జూన్ నుండి సెప్టెంబరు వరకు సమృద్ధిగా కురుస్తుంది. అనంతపురం మండలం దేశంలోనే అత్యల్ప వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటి. నెల్లూరు తీరానికి ముఖ్యమైన వానలు ఈశాన్య ఋతుపవనంతో అక్టోబరు నుండి డిసెంబరు వరకు వస్తాయి. పంచాంగం ప్రకారం ఆశ్వయుజ కార్తికాలు శరత్తు. మేఘాలు తొలగి ఎండ తీక్ష్ణమై, వర్షర్తువులో సంచితమైన పిత్తం ప్రకోపిస్తుందని భావించి శాస్త్రం అప్పుడు తిక్తఘృతాన్ని, విరేచనాన్ని విధించింది. నెల్లూరులో ఆ మాసాలలోనే తుపానులు, ముసురు, దుర్దినాలు. అక్కడివారు పంచాంగశరత్తును అనుసరించాలా, కురుస్తున్న వర్షాన్ని అనుసరించాలా? హేతువును ఎరిగినవారికి సమాధానం స్పష్టమే.

వర్షకాలనియమాలలో ధర్మశాస్త్రానికి చెందినవి, వైద్యానికి చెందినవి కలగాపులగం కావడం మరొక చిక్కు. బౌద్ధుల వినయపిటకంలోని మహావగ్గం ప్రకారం భిక్షువులకు మూడు నెలల వర్షావాసాన్ని నియమించడానికి కారణం ఆరోగ్యం కాదు. సంచారంలో పచ్చిగడ్డి, సూక్ష్మజీవులు కాళ్లకింద నలుగుతున్నాయన్న లోకాపవాదం. అదే గ్రంథంలో శరత్కాలరోగంతో పాలిపోయి కృశించిన భిక్షువులకు బుద్ధుడు నెయ్యి, వెన్న, నూనె, తేనె, ఫాణితం ఔషధాలుగా అనుమతించిన వృత్తాంతం వేరొక అధ్యాయంలో ఉంది. అహింస ఒకచోట, వైద్యం మరొకచోట. మన చాతుర్మాస్యవ్రతమూ ఇటువంటిదే. మొదటి నెల శాకం, భాద్రపదంలో పెరుగు, ఆశ్వయుజంలో పాలు, కార్తికంలో ద్విదళధాన్యాలు వర్జ్యం. కాని చరకుడు పెరుగును సామాన్యంగా నిందించినది శరత్ గ్రీష్మ వసంతాలలో, వర్షర్తువులో కాదు. పైగా వాగ్భటుడు పంచకోలచూర్ణం, సౌవర్చలలవణం కలిపిన పెరుగుతేటను వర్షర్తువుకు సూచించాడు. కనుక వ్రతాన్ని వ్రతంగా, ఇంద్రియనిగ్రహం కోసం ఆచరించాలి. దానికి వైద్యశాస్త్రపు సాక్ష్యాన్ని బలవంతంగా తెచ్చి అతికించడం రెండు శాస్త్రాలకూ అన్యాయం.

చివరగా, వ్యక్తినియమం ఒక్కటే చాలదని కూడా చరకసంహితే హెచ్చరించింది. విమానస్థానం మూడవ అధ్యాయంలో, పాంచాలదేశపు కాంపిల్యనగరం వద్ద, గ్రీష్మం ముగిసే మాసంలో పునర్వసు ఆత్రేయుడు గంగాతీరవనంలో సంచరిస్తూ అగ్నివేశునితో జనపదోద్ధ్వంసాన్ని గురించి చెబుతాడు. ఓషధుల సారం చెడకముందే వాటిని సేకరించి ఉంచమంటాడు. ఆహారం, దేహం, బలం వేర్వేరుగా ఉన్న జనులందరూ ఒకే రోగానికి ఒకేసారి ఎలా గురవుతారని శిష్యుడు అడుగుతాడు. వాయువు, ఉదకం, దేశం, కాలం అనే నాలుగూ అందరికీ సమానం. అవి దూషితమైతే అందరూ రోగగ్రస్తులవుతారని గురువు సమాధానం. ఆ దూషణకు మూలం అధర్మం, ప్రజ్ఞాపరాధం. దేశాన్ని, నగరాన్ని పాలించే ప్రధానులు ధర్మం తప్పడం అందులో భాగం అని కూడా స్పష్టంగా చెప్పాడు. తాగునీటిలో మురుగు కలిసే వీధిలో పథ్యం ఒక్కటే రక్షణ కాజాలదు.

ఈ చరిత్ర నేర్పే ఆచరణ సరళమైనది. ఆకలి ఎరిగి మితంగా, వెచ్చగా భుజించాలి. నీరు కాచి తాగాలి. వస్త్రాన్ని, నివాసాన్ని పొడిగా ఉంచాలి. బస్తి మొదలైన శోధనకర్మలను వైద్యుని పర్యవేక్షణలోనే చేయించుకోవాలి. జ్వరం వస్తే కషాయంతో కాలక్షేపం చేయక పరీక్ష చేయించుకోవాలి. నీటికుంట ఇంటిముందు నిలిస్తే దానిని తొలగించడం కూడా ఋతుచర్యలో భాగమే. పట్టిక చేతికి వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, ఇది ఏ దేశానికి, ఏ దినానికి, ఎవరి అగ్నికి చెప్పిన మాట అని ప్రశ్నించుకోవాలి. ఆచార్యులు మనకు అప్పగించినది ఆ ప్రశ్నించే బుద్ధినే.