స్మార్ట్‌ఫోన్ ఓవర్‌క్లాకింగ్

ఓవర్‌క్లాకింగ్ అనగా ఒక ప్రాసెసర్‌ను దాని తయారీదారు నిర్ణయించిన గడియార వేగం కంటె ఎక్కువ వేగంతో పనిచేయించడం. ఈ పద్ధతి మొదట డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ప్రాచుర్యం పొందింది. తరువాత స్మార్ట్‌ఫోన్లకు కూడా వ్యాపించింది. దీనివలన ఫోను కొంత చురుకుగా పనిచేసినా అధిక వేడి, బ్యాటరీ క్షీణత, సమాచార నష్టం వంటి ప్రమాదాలు కలవు. నిర్ణీత వేగం కంటె తక్కువ వేగంతో నడపడాన్ని అండర్‌క్లాకింగ్ అంటారు.

గడియార వేగం

ప్రాసెసర్‌లోని కోట్లాది ట్రాన్సిస్టర్లు ఒకే లయలో పనిచేయడానికి క్రమబద్ధమైన విద్యుత్ స్పందనలు అవసరం. సెకనుకు ఎన్ని స్పందనలు అన్నదే గడియార వేగం. సెకనుకు 10 లక్షల స్పందనలైతే ఒక మెగాహెర్ట్జ్, 100 కోట్లయితే ఒక గిగాహెర్ట్జ్.

ఒక స్పందనకు, తరువాతి స్పందనకు మధ్య గల వ్యవధిలోనే సంకేతం ట్రాన్సిస్టర్ల వరుసను దాటి ఫలితాన్ని చేర్చాలి. వేగం పెంచితే ఈ వ్యవధి తగ్గుతుంది. సంకేతం చేరకముందే తరువాతి స్పందన వస్తే లెక్క తప్పుతుంది. ట్రాన్సిస్టర్లు మరింత త్వరగా స్పందించాలంటే వాటికి అందించే వోల్టేజిని పెంచాలి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

వేగానికి, వేడికి గల సంబంధం

ట్రాన్సిస్టర్లు స్థితి మార్చుకోవడంలో ఖర్చయ్యే విద్యుత్ సామర్థ్యం గడియార వేగానికి, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఉదాహరణకు వేగాన్ని 20 శాతం, అందుకోసం వోల్టేజిని 10 శాతం పెంచామనుకుందాం. అప్పుడు ఖర్చు 1.2 × 1.1 × 1.1 = 1.452 రెట్లు అవుతుంది. అనగా 20 శాతం వేగం కోసం 45 శాతం అదనపు విద్యుత్తు ఖర్చవుతుంది. ఇదంతా చివరకు వేడిగా మారుతుంది.

కంప్యూటర్‌లో ఈ వేడిని తొలగించడానికి లోహపు రెక్కలు, ఫ్యాన్లు ఉంటాయి. 2019లో వచ్చిన రెడ్ మ్యాజిక్ 3 వంటి కొన్ని ఆటల ఫోన్లలో తప్ప మామూలు ఫోన్లలో ఫ్యాను ఉండదు. ఫోను ఉపరితలం గుండానే వేడి బయటకు పోవాలి.

సాధ్యపడుటకు కారణం

ఒకే సిలికాన్ పలక నుండి కోసిన చిప్‌లన్నీ ఒకే విధంగా ఉండవు. వాటిలో బలహీనమైనది కూడా తీవ్రమైన వేడిలో, కొన్ని సంవత్సరాల పాటు, తప్పులేకుండా పనిచేసేలా తయారీదారు వేగాన్ని నిర్ణయిస్తాడు. ఆ భద్రతా వ్యవధినే ఓవర్‌క్లాకింగ్ చేసేవారు వాడుకుంటారు. కావున ఒకరి ఫోనులో నిలిచిన వేగం అదే నమూనా గల మరొకరి ఫోనులో నిలవకపోవచ్చు.

చరిత్ర

* 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో 620 మెగాహెర్ట్జ్ సామర్థ్యం గల ప్రాసెసర్‌ను 412 మెగాహెర్ట్జ్ వద్ద నడిపారు.
* 2009లో వచ్చిన మోటరోలా డ్రాయిడ్‌లోని 600 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ను కంపెనీ 550 మెగాహెర్ట్జ్‌కు పరిమితం చేసింది. ఔత్సాహికులు దానిని 1 గిగాహెర్ట్జ్ వరకు తీసుకువెళ్ళారు.
* సైనోజెన్‌మోడ్ వంటి మార్పుచేసిన ఆండ్రాయిడ్ రూపాలు, సెట్‌సీపీయూ వంటి అనువర్తనాలు ఈ పద్ధతికి తోడ్పడ్డాయి. సైనోజెన్‌మోడ్ 2016 డిసెంబరులో నిలిచిపోగా లీనేజ్‌ఓఎస్ దాని స్థానంలో వచ్చింది.
* 2019లో క్వాల్‌కామ్ సంస్థ స్నాప్‌డ్రాగన్ 855 గరిష్ఠ వేగాన్ని 2.84 నుండి 2.96 గిగాహెర్ట్జ్‌కు పెంచి 855 ప్లస్ పేరుతో విడుదల చేసింది. ఇటువంటి పెంపు తయారీదారు పరీక్షించి చేసినది.

విధానం

మామూలుగా ఫోనులో గవర్నర్ అనే సాఫ్ట్‌వేర్ భాగం పని ఒత్తిడిని బట్టి వేగాన్ని, వోల్టేజిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఓవర్‌క్లాకింగ్ చేయాలంటే ముందుగా బూట్‌లోడర్ తాళం తెరవాలి. దీనితో చాలా ఫోన్లలో ఉన్న సమాచారమంతా చెరిగిపోతుంది. తరువాత ఎక్కువ వేగాలను అనుమతించే కెర్నెల్‌ను స్థాపించి, రూట్ అధికారంతో వేగాన్ని ఎంచుకుంటారు. నేడు పలువురు తయారీదారులు బూట్‌లోడర్‌ను తెరవనీయకపోవడం, ఫోన్లు సహజంగానే వేగవంతం కావడం వలన ఈ అలవాటు తగ్గింది.

ప్రమాదాలు

* సమాచారం చెడిపోవడం: ఫోను హఠాత్తుగా ఆగిపోతే వినియోగదారునికి తెలుస్తుంది. కాని లెక్క తప్పినా ఫోను ఆగకపోతే, ఆ తప్పు ఫలితమే నిల్వలోకి చేరుతుంది. ఫొటోలు, దస్త్రాలు పాడైన సంగతి చాలాకాలం తరువాత గాని బయటపడదు.
* చిప్ ఆయుష్షు తగ్గడం: అధిక విద్యుత్ ప్రవాహంలో ఎలక్ట్రాన్ల తాకిడికి సన్నని లోహపు తీగెలలోని పరమాణువులు క్రమంగా స్థానభ్రంశం చెందుతాయి. దీనిని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఇది వేగవంతమవుతుంది. ఈ నష్టం తిరిగి పూడదు.
* బ్యాటరీ క్షీణత: లిథియం అయాన్ బ్యాటరీలో అవాంఛిత రసాయన చర్యలు వేడికి ఎక్కువై నిల్వ సామర్థ్యం తగ్గుతుంది. కొన్నిసార్లు లోపల వాయువులు చేరి బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, చార్జి చేయడం ప్రమాదకరం.
* హఠాత్తుగా ఆగిపోవడం: పాతబడిన బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తును ఇవ్వలేదు. ఈ కారణంగానే కొన్ని పాత ఐఫోన్ల వేగాన్ని తగ్గించినట్లు యాపిల్ సంస్థ 2017 డిసెంబరులో ప్రకటించింది. నిర్ణీత వేగానికే చాలని బ్యాటరీ అంతకు మించిన వేగానికి ఏ విధంగా చాలుతుంది?
* భద్రత, వారంటీ: ఇటువంటి మార్పులు చేసిన ఫోనుకు తయారీదారు వారంటీ నిరాకరించవచ్చు. రూట్ చేసిన ఫోనులో అనేక బ్యాంకు, చెల్లింపు అనువర్తనాలు పనిచేయవు.

వేసవి ప్రభావం

ఫోను నుండి వేడి బయటకు పోయే రేటు సుమారుగా ఫోనుకు, పరిసరాలకు గల ఉష్ణోగ్రతా భేదంపై ఆధారపడుతుంది. ఫోను ఉపరితలం 43 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నదనుకుంటే, 25 డిగ్రీల గదిలో ఈ భేదం 18 డిగ్రీలు. 40 డిగ్రీల ఎండపూట 3 డిగ్రీలు మాత్రమే. అనగా వేడి పోయే రేటు ఆరవ వంతుకు పడిపోతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు వేడి బయటకు పోవడానికి బదులు బయటి నుండే లోపలికి వస్తుంది. కాబట్టి చల్లని దేశాలవారు సురక్షితమని చెప్పిన వేగాలు తెలుగునాట వేసవికి వర్తించవు.

ప్రయోజనం ఎంత?

ఉష్ణోగ్రత ఒక హద్దు దాటగానే ప్రాసెసర్ తనంతట తానే వేగాన్ని తగ్గించుకుంటుంది. దీనిని థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. అందువలన పెంచిన వేగం కొద్ది నిమిషాల పరీక్షలో కనిపించినా, గంటసేపు ఆడే ఆటలో నిలవదు. ఈ రక్షణను తొలగించడం అన్నిటికంటె ప్రమాదకరమైన చర్య. ఫోను నెమ్మదించడానికి తరచు నిండిపోయిన నిల్వ, వెనుక నడిచే అనవసర అనువర్తనాలు, క్షీణించిన బ్యాటరీ కారణం కావచ్చు. వీటిని సరిచేయడం వలన కలిగే మేలుకు ఏ ప్రమాదమూ లేదు. ప్రయోగం చేయదలచిన విద్యార్థులు నిత్యావసరానికి వాడని పాత ఫోనును ఎంచుకొని, సమాచారానికి మరొక ప్రతిని భద్రపరచుకొనడం మంచిది.

ఇవి కూడా చూడండి

* ప్రాసెసర్
* ట్రాన్సిస్టర్
* లిథియం అయాన్ బ్యాటరీ
* ఆండ్రాయిడ్