ప్రశ్న కిందే జవాబు: 1973 నాటి ఒక ప్రోగ్రాం కథ

1973 ఆగస్టు 7న అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో నోట్స్ అనే ప్రోగ్రాం వాడుకలోకి వచ్చింది. ఒకే డాక్యుమెంటు మీద పదిమంది కామెంట్లు, రిప్లైలు రాసుకునే నేటి సాఫ్ట్‌వేర్లకు అది ముత్తాత వరస. ఏటా ఆ తేదీ వచ్చి వెళ్లిపోతుంది, తలుచుకునేవాళ్లు తక్కువ. ఇప్పుడు తలుచుకోవడానికి గట్టి కారణమే ఉంది. జవాబు వచ్చిన సంగతి మనుషులకు అందడం లేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడల్లా నోటిఫికేషన్లను ఇంకొన్ని పెంచడమే మందు అనుకుంటున్నాం. జబ్బు అక్కడ లేదని చరిత్ర చెబుతోంది. ఏ మాటకు, ఎవరు, ఎప్పుడు బదులిచ్చారన్నది చెక్కుచెదరకుండా నిలిచినప్పుడే కబురుకు విలువ. ఆ కబురు కూడా బదులు చెప్పాల్సినవాళ్లకే వెళ్లాలి.

మూలాన్ని పట్టుకుని వ్యాఖ్య రాయడం చాలా పాత అలవాటు. మెదక్ సీమకు చెందిన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు శ్లోకం వెంట శ్లోకంగా వ్యాఖ్యానం రాశాడు. 1520ల మొదట్లో వెనిస్‌లో డేనియల్ బాంబెర్గ్ అచ్చువేసిన యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో మూలం పుట నడుమ, రాషీ అనే పండితుడి వ్యాఖ్య లోపలి అంచున, తర్వాతి పండితుల వాదం బయటి అంచున ఉంటాయి. తరాల ఎడం ఉన్నవాళ్లు ఒకే పుటలో వాదించుకుంటారు గానీ, పాతవారికి కొత్తవారి కబురు అందే దారి లేదు. ఆ దారి మన సచివాలయ కాగితపు ఫైలులో ఉంది. నోట్‌షీటులో పేరాలకు వరుస నంబర్లు, అడుగున తేదీతో సంతకం. బదులు చెప్పాల్సిన అధికారి బల్ల మీదికి ఫైలే నడిచి వెళుతుంది. కబురూ జవాబూ ఒకే కట్టలో ఉంటాయి.

ఇక ఇల్లినాయ్ సంగతి. కంప్యూటర్‌తో పాఠాలు చెప్పేందుకు డొనాల్డ్ బిట్జర్ 1960లో ప్లేటో అనే వ్యవస్థను మొదలుపెట్టాడు. 1970ల తొలినాళ్లకు అది నారింజ రంగులో వెలిగే ప్లాస్మా తెరలతో, వేలితో తాకితే స్పందించే టెర్మినళ్లతో పెద్దదైంది. అందులో ఇబ్బంది ఎదురైతే అందరికీ తెరిచి ఉన్న ఒక ఫైలులో రాసేవారు. ఒకసారికి ఒక్కరే అందులో రాయగలరు. పేరు పెట్టడం, మానడం వాళ్లిష్టం. అప్పుడప్పుడు ఏ ఆకతాయో ఫైలు మొత్తం చెరిపేసేవాడు. ఫిర్యాదు రాసిందెవరో తేలక, ఉన్న ఫిర్యాదు నిలవక, చూసుకునే సిబ్బంది అవస్థ పడేవారు. దీనికో ప్రోగ్రాం రాయమని ప్లేటో సిబ్బందిలోని పాల్ టెన్‌జార్ అక్కడి కుర్రవాడు డేవిడ్ వూలీకి అప్పగించాడు. వూలీ వయసు అప్పుడు 17. రాసినవారి గుర్తు, తేదీ యంత్రమే వేయాలి, రాసింది ఇంకొకరు చెరపకూడదు. అడిగింది అంతే. తెరలో సగం ప్రశ్నకు, సగం సిబ్బంది జవాబుకు ఇస్తే సరిపోయేదే. కానీ ఒక్క జవాబుతో ప్రశ్న తీరదని వూలీ గ్రహించాడు. సిబ్బంది ఎదురు ప్రశ్న వేయాల్సి రావచ్చు, అడిగినవారు మరో వివరం చేర్చాల్సి రావచ్చు. అందుకని ఒక్కో నోట్ కింద 63 జవాబుల దాకా వరుసగా గొలుసుకట్టే ఏర్పాటు చేశాడు. ఫిర్యాదుల పుస్తకం అలా సంభాషణకు చోటైంది. ఆ కుర్రవాడి చూపు నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. అదే ప్లేటోలో విద్యార్థిగా మెలిగిన రే ఓజీ, 1989లో వచ్చిన లోటస్ నోట్స్‌తో ఆ పద్ధతిని ఆఫీసులకు తెచ్చాడు.

ప్లేటో వాడేవాళ్లది చిన్న సమాజం, తెరిచి చూసుకుంటే సరిపోయేది, వేలమంది రాసే చోట గంట మోగక తప్పదు కదా అనవచ్చు. నిజమే, మోగాలి. అయితే గంట ఎన్నిసార్లు మోగిందన్నది లెక్క కాదు. ఒక పేరాపై నేను అడిగిన సందేహానికి బదులు వస్తే అది నాకు తెలియాలి. పక్క పేరాలో కామా మార్చినా అదే గంట మోగితే రెంటినీ ఒకేలా పక్కన పెట్టేస్తాం, అసలు జవాబు ఆ గుంపులో మునిగిపోతుంది. తక్కువ కబుర్లు పంపితే ముఖ్యమైనది తప్పిపోతుందన్న భయానికి సమాధానం గూగుల్ డాక్స్‌లోనే ఉంది. అన్ని కామెంట్ల కబుర్లూ కావాలా, తమకు సంబంధించినవే చాలా అన్నది అక్కడ వాడేవారే ఎంచుకోవచ్చు. ఆ ఎంపికను సెట్టింగుల అడుగున దాచకుండా కామెంటు పక్కనే పెట్టాలి. కబురులోనే ప్రశ్న, జవాబు రెండూ కనిపించాలి.

నోట్స్ తర్వాత చరిత్ర తిన్నగా సాగలేదు. 2001లో మొదలైన వికీపీడియా, చర్చాపేజీల విషయంలో నోట్స్ కన్నా వెనక్కి, పాత తెరిచిన ఫైలు పద్ధతికే వెళ్లింది. జవాబును లోపలికి జరపడానికి కోలన్లు, సంతకానికి నాలుగు టిల్డెలు రాసేవాళ్లే టైపు చేయాల్సి వచ్చేది. తెలుగు వికీపీడియా రచ్చబండలోనూ ఇదే పద్ధతి ఉండేది. 2013లో కొత్త నోటిఫికేషన్లు వచ్చాయి, కొన్నేళ్లకు రిప్లై బటన్, కావలసిన చర్చకు మాత్రమే చందా కట్టుకునే వీలు చేరాయి. ఇవి మంచి మెరుగులు. అయినా చేత్తో జవాబు రాసి, అదే మార్పులో సంతకం పెట్టడం మరిచిపోతే, అందులో పేరు పెట్టి పిలిచినా అవతలివారికి కబురు చేరదు. రిప్లై బటన్ నొక్కి రాస్తే సంతకం దానంతట అదే పడుతుంది, కబురూ వెళుతుంది.