ఫోర్ట్ విలియం (విజయ్ దుర్గ్)
ఫోర్ట్ విలియం: కోల్‌కతాలో హుగ్లీ నది తూర్పు ఒడ్డున ఉన్న కోట, సైనిక స్థావరం. ఇంగ్లండు రాజు మూడవ విలియం పేరు దీనికి పెట్టారు.

చరిత్ర: ఈస్టిండియా కంపెనీ 1696లో మొదటి కోట నిర్మాణం ప్రారంభించింది. 1756 జూన్‌లో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా దానిని పట్టుకున్నాడు. కంపెనీ నవాబును ఓడించిన ప్లాసీ యుద్ధం తర్వాత 1758లో దాని సేనాని రాబర్ట్ క్లైవ్ పాత కోటకు దక్షిణాన గోవిందపూర్ గ్రామాన్ని ఖాళీ చేయించి కొత్త కోట మొదలుపెట్టాడు. అది 1781 ప్రాంతంలో పూర్తయింది. ఫిరంగుల గురికి అడ్డు లేకుండా చుట్టూ వదిలిన ఖాళీ స్థలమే నేటి మైదాన్.

నిర్మాణం: ఇటుకలతో కట్టిన అష్టభుజి కోట, చుట్టూ కందకం, ఆరు ద్వారాలు. లోపల నాలుగంతస్తుల డల్హౌసీ బ్యారక్స్ ఉంది.

పునర్వినియోగం: కోట లోపలి సెయింట్ పీటర్స్ చర్చిని గ్రంథాలయంగా మార్చారు. 1963 నుంచి కోటలో భారత సైన్యపు తూర్పు కమాండ్ ప్రధాన కేంద్రం ఉంది. కోటకు విజయ్ దుర్గ్ అని, అందులోని కిచెనర్ హౌస్ భవనానికి మానెక్‌షా హౌస్ అని పేర్లు మార్చినట్టు 2025లో వెల్లడైంది.