రంగు కోసం పోసిన బంగారం

కాగితం మీద ఫొటోలు ఎందుకు వెలిసిపోతున్నాయో తేల్చమని 1855లో లండన్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఒక కమిటీ వేసింది. ఖర్చులకు విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 50 పౌండ్లు ఇచ్చాడు. మరి డబ్బు పోసి తీయించుకున్న బొమ్మలు కొన్నేళ్లకే పసుపుబారి పోతుంటే జనం ఊరుకుంటారా?

సరిగా కడగకపోవడం వల్ల కాగితంలో మిగిలిపోతున్న హైపో, అంటే బొమ్మను వెలుతురుకు చెడకుండా నిలిపే రసాయనమే ప్రధాన దోషి అని కమిటీ అదే ఏడాది తేల్చింది. హైపోలోని గంధకం, గాలిలో తేమ తోడైతే, బొమ్మలోని వెండిని మెల్లగా తినేస్తుంది. అసలు తమాషా ఏమిటంటే, అప్పటి ఫొటోగ్రాఫర్లకు ఇష్టమైన ఊదా గోధుమ రంగు వాడివాడి పాతబడ్డ హైపోలోనే వచ్చేది. అంటే అందాన్నిచ్చిందీ, ఆయువు తీసిందీ ఆ గంధకమే.

కమిటీ చూపిన దారి బంగారం. ఇదేమీ కొత్త కాదు. ఫిజో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1840లోనే డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పలకల మీద బంగారు ద్రావణం పోసి, కింద దీపం పెట్టి వేడిచేశాడు. కాగితానికి వేడి అక్కర్లేదు. ఎండలో అచ్చయిన ప్రింటు ఇటుక రంగులో ఉంటుంది. మిగులు వెండి లవణం పోయేదాకా, నీళ్లు పాలలా తెల్లబడటం ఆగేదాకా దాన్ని కడగాలి. తర్వాత బోరాక్స్ కలిపిన గోల్డ్ క్లోరైడ్ తొట్టిలో వేస్తే ఎరుపు గోధుమై, గోధుమ ఊదా అవుతుంది. నీలం తిరగకముందే పైకి తీయాలి, హైపోలో వేయాలి, మళ్లీ బాగా కడగాలి. పెద్ద కాగితం ఒక్కంటికి ఒక గ్రెయిను గోల్డ్ క్లోరైడ్ అని లెక్క. అంటే 65 మిల్లీగ్రాములు.

తొట్టిలో ఒక బంగారు పరమాణువు చేరాలంటే మూడు వెండి పరమాణువులు తప్పుకోవాలి. అతిగా ముంచితే బొమ్మ పలచబడుతుంది, కాబట్టి చాలామంది రంగు కుదరగానే ఆపేవారు. మన్నిక కొసరుగా వచ్చింది. నా మటుకు ఆ కమిటీ మాటల్లో బంగారం కన్నా కడగమన్నదే విలువైన సలహా.

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా నియమించుకున్న లాలా దీన్ దయాళ్ సికింద్రాబాద్ స్టూడియో నడిపిన రోజుల్లో గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితాలదే రాజ్యం. ఆ కాలపు ప్రింట్లలో ఊదా నీడలు నిలిచినా, ఆకాశం, తెల్ల గోడలు పసుపెక్కడం తరచూ కనిపిస్తుంది. అక్కడ తప్పు తెల్లసొనది. వెండి లేనిచోట బంగారానికి పట్టు దొరకదు.

తర్వాత చీకటిగదిలో డెవలపర్‌తో నల్లగా తేలే కాగితాలు వచ్చాయి. రంగు కోసం బంగారం అవసరం తీరింది, మామూలు స్టూడియోలు ఆ తొట్టినే ఎత్తేశాయి. ఇవాళ చేత్తో వెండి ప్రింట్లు చేసుకునే కొందరు మాత్రం గోల్డ్ క్లోరైడ్‌లో థయోసయనేట్ కలిపి ముంచుతారు. రంగు కాస్త నీలం వైపు జరుగుతుందంతే, వాళ్లకు కావలసింది మన్నికే.