గుండెనొప్పికి మన ఇండ్లు కట్టిన ధర



మన తాతలు షోలాపూర్ వచ్చి మగ్గాలు వేసుకున్న కథ ఎన్నోసార్లు చెప్పుకున్నాం. గుండెజబ్బుకు మన ఇండ్లు కట్టిన ధర గురించి మాత్రం ఎప్పుడూ రాసుకోలేదు. ఈసారి అదే రాస్తున్నాం.

దేశంలో తొలి బైపాస్ ఆపరేషన్‌ను 1975లో మద్రాసు పెరంబూర్ రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు. వైద్యం దేశానికి వచ్చింది గానీ మన గడపకు రావడానికి ఇంకో ముప్పై ఏడేళ్లు పట్టింది. పవర్‌లూమ్ మీద వారం కూలీతో బతికేవాళ్లు ఛాతీలో నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఓర్చుకునేవారు. డాక్టరు దగ్గరికి పోతే ఆ పూట కూలి పోతుందని భయం. నొప్పి ముదిరితే ముందు బంగారం, తర్వాత మగ్గం, చివరికి ఉన్న జాగా అమ్మేవాళ్లు. మనిషి బతికినా అప్పు మిగిలేది.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పాలమూరులోని మన చుట్టాలు తెల్లకార్డు చూపించి ఆపరేషన్లు చేయించుకుంటుంటే మనం ఇక్కడ చూస్తూ ఉండిపోయాం. మాట ఒకటే, రేషన్ కార్డు మాత్రం వేరే రాష్ట్రానిది.

తర్వాత మహారాష్ట్ర కూడా ఆ దారి పట్టింది. 2012 జూలైలో జీవన్‌దాయీ పథకాన్ని మొదట 8 జిల్లాల్లో పెట్టారు. అందులో షోలాపూర్ ఉంది. అప్పట్లో పసుపు, నారింజ కార్డుల కుటుంబానికి ఏడాదికి 1.5 లక్షల దాకా వైద్యం అందేది. ఇప్పుడు అదే మహాత్మా జ్యోతిబా ఫూలే పథకం. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధర కట్టడి చేసింది. సగటున 1,21,400 రూపాయలున్న మందు పూత స్టెంటు 29,600కు దిగింది.

అయినా లెక్క తీరలేదు. కార్డు ఆపరేషన్‌కు పనికొస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి వేసుకునే మాత్రలు, ఆగిపోయిన కూలి, మనిషికి తోడుండాలని బీడీలు చుట్టడం మానుకున్న అక్క సంపాదన, చదువు ఆపి లూమ్ దగ్గర నిలబడ్డ కొడుకు భవిష్యత్తు, ఇవి ఏ బిల్లులోనూ ఉండవు. 2012 నుంచి 2030 వరకు గుండెజబ్బుల వల్ల దేశానికి 2.17 లక్షల కోట్ల డాలర్ల నష్టమని ప్రపంచ ఆర్థిక వేదిక, హార్వర్డ్ నిపుణులు 2014లో అంచనా కట్టారు. మన ఇండ్లలో ఆగిన మగ్గాలూ ఆ నష్టంలో భాగమే.

అందుకే పెద్దలకు మా మనవి. రేషన్ కార్డులో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఆసుపత్రి గుమ్మంలో చూసుకునే పని కాదది. నలభై దాటినవాళ్లు బీపీ, షుగర్ చూపించుకోండి. తంబాకు మానండి. దానికి పోయేది ఒక పూట కూలి. మన ముందుతరం పోగొట్టుకున్నది మగ్గాన్నే.