పొలిమేర ఏ ఒడ్డున ఉంది?

రెండు రాష్ట్రాల మధ్య నది పారుతుంటే హద్దు ఎక్కడ ఉంటుంది? ఎవరిని అడిగినా నది మధ్యలో అంటారు. మా షాంటిలీకి దగ్గర్లో ఉన్న పోటోమాక్ నది విషయంలో అలా కాదు. అటు మేరీలాండ్, ఇటు మా వర్జీనియా. హద్దు మాత్రం మా ఒడ్డునే ఉంది. అంటే మా వైపు నిలబడి నీళ్ళలో కాలు పెడితే ఆ కాలు మేరీలాండ్‌లో ఉన్నట్టు. ఇది ఎలా వచ్చిందో, దానివల్ల మా ఇళ్ళలో కుళాయి నీళ్ళకి ఏమయిందో ఈసారి రాస్తున్నాను. ఇలాంటి సరిహద్దు నది, జలపాతం దక్షిణ అమెరికాలో కూడా ఉన్నాయి. వాటి సంగతి, మన కృష్ణ సంగతి కూడా వస్తాయి.

నేను చదివినదంతా ఇంగ్లీషు మీడియం. సరిహద్దు అనే మాట వార్తల్లో విని నేర్చుకున్నాను. పొలిమేర అనే మాట మాత్రం మా అమ్మమ్మ నోట విన్నాను. సరిహద్దు అంటే సైనికులు గుర్తుకొస్తారు. పొలిమేర అంటే అక్కడి దేవత గుడి గుర్తుకొస్తుంది. అందుకే శీర్షికలో ఆ మాట పెట్టాను.

ముందు జలపాతం. మా ఊరి నుంచి కారులో అరగంట పోతే గ్రేట్ ఫాల్స్ వస్తుంది. అక్కడ పోటోమాక్ నది మైలు కూడా లేని దూరంలో 76 అడుగులు కిందికి దిగుతుంది. ఒక్కసారిగా దూకదు. రాళ్ళ మీద మెట్లు మెట్లుగా పడి, మేథర్ గార్జ్ అనే ఇరుకు లోయలోకి పోతుంది. ఎత్తు చూస్తే సాగర్ దగ్గర ఎత్తిపోతల కంటే కొంచెమే ఎక్కువ. కానీ నీళ్ళు చాలా ఎక్కువ. ఒడ్డున వరదల సంవత్సరాలు రాసిన స్తంభం ఉంది. 1936 వరద గుర్తు మనిషి తలకంటే ఎంతో పైన ఉంటుంది.

ఇక చరిత్ర. 1632లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ మేరీలాండ్‌ని లార్డ్ బాల్టిమోర్ కుటుంబానికి ఇస్తూ పత్రం రాయించాడు. అందులో హద్దు పోటోమాక్ నది అవతలి ఒడ్డు అని ఉంది. అవతలి అంటే వర్జీనియా వైపు. ఆ రాజు ఈ నదిని ఎప్పుడూ చూడలేదు. ఆ ఒక్క మాట మీద దాదాపు 370 ఏళ్ళు తగువు నడిచింది.

స్వాతంత్ర్యం వచ్చాక చేపలు ఎవరు పట్టాలి, పడవల మీద పన్ను ఎవరు వెయ్యాలి అని రెండు రాష్ట్రాలకి గొడవ. 1785 మార్చిలో ఇరువైపుల ప్రతినిధులు జార్జ్ వాషింగ్టన్ ఇంట్లో, మౌంట్ వెర్నన్‌లో కూర్చున్నారు. వర్జీనియా తరఫున వచ్చిన ఇద్దరిలో ఒకరు జార్జ్ మేసన్. మన పిల్లలు చాలామంది చదివే యూనివర్సిటీకి ఆయన పేరే. వాళ్ళు రాసుకున్న ఒప్పందంలో 13 అంశాలు ఉన్నాయి. ఏడవ అంశం ప్రకారం రెండు ఒడ్డుల వాళ్ళకీ తమ ఒడ్డు మీద పూర్తి హక్కు ఉంది. పడవల రేవులు, ఇతర కట్టడాలు నదిలోకి కట్టుకోవచ్చు. నది ఎవరిది అన్న ప్రశ్నని వాళ్ళు పక్కన పెట్టారు. దాన్ని ఎవరెవరు ఎలా వాడుకోవచ్చు అన్నది మాత్రం రాసుకున్నారు. రెండు రాష్ట్రాలు ఇలా కూర్చుని మాట్లాడుకోవచ్చని తెలిశాక 1786లో అనాపోలిస్‌లో మరిన్ని రాష్ట్రాలు కలిశాయి. 1787లో ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగం తయారయింది.

అదే 1785లో వాషింగ్టన్ అధ్యక్షుడుగా పోటోమాక్ కంపెనీ మొదలయింది. జలపాతం దగ్గర పడవలు దిగలేవు కాబట్టి వర్జీనియా ఒడ్డున రాతిని తొలిచి కాలవ, అయిదు లాకులు కట్టారు. అది 1802లో పూర్తయింది. అప్పటికే వాషింగ్టన్ చనిపోయి మూడేళ్ళు. కాలవ పక్కన హెన్రీ లీ అనే ఆయన 1790లో ఒక పట్నం పెట్టించాడు. భార్య పేరు మీద మ్యాటిల్డావిల్ అన్నాడు. జలపాతం పక్కన పెద్ద వ్యాపార పట్నం అవుతుందనుకున్నారు. కానీ కాలవకి డబ్బు రాలేదు. 1828లో మేరీలాండ్ ఒడ్డున కొత్త కాలవ మొదలుపెట్టారు. మ్యాటిల్డావిల్ మెల్లగా ఖాళీ అయింది. ఇప్పుడు పార్కులో అడవి మధ్య రాతి గోడలు కొన్ని మిగిలాయి.

హద్దు తగువు మాత్రం పోలేదు. 1877లో మధ్యవర్తులు తీర్పు చెప్పారు. వర్జీనియా ఒడ్డున నీరు బాగా తగ్గినప్పుడు ఆ నీటి అంచు ఎక్కడ ఉంటుందో అదే హద్దు. కానీ ఒడ్డు హక్కు పూర్తిగా అనుభవించడానికి ఎంత అవసరమో అంతవరకు వర్జీనియా నదిని వాడుకోవచ్చు.

ఇక మా కుళాయి. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ నీటి సంస్థకి పోటోమాక్, ఆకోక్వాన్ అని రెండు నదుల నీళ్ళు వస్తాయి. పోటోమాక్ ఒడ్డు దగ్గర నీళ్ళలో బురద ఎక్కువ. అందుకని 1996లో 725 అడుగులు నది లోపలికి గొట్టం వేసి శుభ్రమైన నీళ్ళు తీసుకుందామని సంస్థ అనుకుంది. నది మేరీలాండ్‌ది కాబట్టి మేరీలాండ్‌కే దరఖాస్తు పెట్టింది. మేరీలాండ్ అధికారులు అభ్యంతరం చెప్పారు. నీళ్ళు ఇస్తే ఉత్తర వర్జీనియాలో ఇళ్ళు ఇంకా విచ్చలవిడిగా పెరుగుతాయి అన్నారు. 2000లో వర్జీనియా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2003 డిసెంబరు 9న తీర్పు వచ్చింది. ఏడుగురు న్యాయమూర్తులు వర్జీనియా వైపు, ఇద్దరు మేరీలాండ్ వైపు. నది మేరీలాండ్‌దే అయినా నీళ్ళు తీసుకోవడానికి వర్జీనియా దాని అనుమతి అడగక్కర్లేదు అన్నారు. 1785 ఒప్పందం, 1877 తీర్పు, రెండూ ఆధారం. మౌంట్ వెర్నన్‌లో రాసుకున్న కాగితం 218 ఏళ్ళ తరవాత పనికొచ్చింది.

మేరీలాండ్ భయపడిన ఆ కొత్త ఇళ్ళు ఎవరివి? అందులో మనవాళ్ళవి చాలా ఉన్నాయి. నేను సేవ చేసే గుడికి వచ్చే కుటుంబాలు ఎక్కువగా అలాంటి ఇళ్ళ నుంచే వస్తాయి. అభిషేకానికి బిందెలు నింపేది మా వాలంటీర్లమే. సంకల్పంలో పూజారిగారు పోటోమాక్ పేరు చెప్తారు. మన పూజలో చిరునామా నదుల పేర్లతో ఉంటుంది కాబట్టి ఆ పేరు మాకు ఉత్త పేరు కాదు.

రెండు రాష్ట్రాలు అయితే పైన ఒక కోర్టు ఉంది. రెండు దేశాలైతే? దక్షిణ అమెరికాలో ఇగ్వాసు నది బ్రెజిల్, అర్జెంటీనాల మధ్య పారి, పరానా నదిలో కలుస్తుంది. అక్కడ మూడు దేశాలు ఎదురెదురుగా ఉంటాయి. బ్రెజిల్ వైపు ఊరు ఫోజ్ దో ఇగ్వాసు. అర్జెంటీనా వైపు ప్వేర్తో ఇగ్వాసు. పరాగ్వే వైపు సియుదాద్ దెల్ ఎస్తె. ఇగ్వాసు అంటే గ్వారానీ భాషలో పెద్ద నీళ్ళు. ఆ ప్రాంతంలో ఇగ్వాసు, ఉరుగ్వే నదుల మధ్య నేల కోసం బ్రెజిల్, అర్జెంటీనా తగువు పడి, అమెరికా అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్‌ని మధ్యవర్తిగా పెట్టుకున్నాయి. 1895లో ఆయన బ్రెజిల్‌కి అనుకూలంగా చెప్పాడు. అర్జెంటీనా ఒప్పుకుంది. ఇప్పుడు ఇగ్వాసు జలపాతాలు రెండు దేశాలవీ. సుమారు 275 ధారలు, 2.7 కిలోమీటర్ల వెడల్పు. ఎక్కువ ధారలు అర్జెంటీనావి, అన్నీ కలిసి కనపడే చూపు బ్రెజిల్‌ది. 1934లో అర్జెంటీనా, 1939లో బ్రెజిల్ తమ తమ వైపు జాతీయ పార్కులు పెట్టుకున్నాయి.

అక్కడికి ఎగువన, పరానా నది మీద గ్వైరా జలపాతాలు ఉండేవి. అవి ఎవరివి అని బ్రెజిల్, పరాగ్వే 1960లలో పట్టుబట్టాయి. 1966లో ఒక రాజీకి వచ్చాయి. 1973లో ఒప్పందం చేసుకుని ఇతైపూ ఆనకట్ట కట్టాయి. కరెంటు చెరి సగం. 1982 అక్టోబరులో జలాశయం 14 రోజుల్లో నిండింది. గ్వైరా జలపాతాలు మునిగిపోయాయి. తగువు తీరింది, తగువు పడిన జలపాతం లేదు.

ఇది చదివినప్పుడు నాకు నాగార్జునసాగర్ గుర్తుకొచ్చింది. 1955లో పునాది, 1967లో ప్రారంభం. నాగార్జునకొండ లోయ మునిగింది. కానీ ఆ నీళ్ళతో రెండు ఒడ్డులూ పండాయి. మా పుట్టింటివాళ్ళది మాచర్ల వైపు, వాళ్ళ పొలాలకి కుడి కాలవ. మా అత్తగారివాళ్ళది మిర్యాలగూడ వైపు, వాళ్ళకి ఎడమ కాలవ. మా పెళ్ళినాటికి అదంతా ఒకే రాష్ట్రం. 2014 నుంచి మధ్యలో హద్దు ఉంది. ఉమ్మడి రాష్ట్రానికి బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 811 టీఎంసీలని 2015లో ఆంధ్రకి 512, తెలంగాణకి 299 అని తాత్కాలికంగా పంచుకున్నారు. 2023 నవంబరు చివర ఆంధ్ర పోలీసులు ఆనకట్ట మీద సగం దాకా వచ్చి కంచె వేశారు. తరవాత కేంద్ర బలగాలు కాపలాకి వచ్చాయి. ఆ వారం మా రెండు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటి తెరిస్తే ఒక మాట, రెండోది తెరిస్తే ఇంకో మాట. రెండింట్లోనూ ఉన్నది మాకే బాధ. అయితే 2016 పుష్కరాల్లో రెండు ఒడ్డులవాళ్ళూ ఒకే నీళ్ళలో మునిగారు. అప్పుడు ఎవరూ గీత అడగలేదు.

నాకు అర్థమయినది ఇది. నది ఎవరిది అన్న ప్రశ్నకి జవాబు కోసం ఆగితే తరాలు గడుస్తాయి. పోటోమాక్ విషయంలో ఆ జవాబు మా వైపుకి రానే లేదు, అయినా నీళ్ళు వచ్చాయి. వాడుకునే హక్కు ముందే స్పష్టంగా రాసుకున్నారు కాబట్టి. తాత్కాలికం అని రాసుకున్న అంకెల మీద రెండు ఒడ్డుల రైతులు ఎన్నేళ్ళు నాట్లు వెయ్యాలి?

మీలో నది ఒడ్డున పెరిగినవాళ్ళు ఉంటే ఒక్క మాట చెప్పండి. వేసవిలో నీరు బాగా తగ్గినప్పుడు ఆ నీటి అంచుని మీ ఊళ్ళో ఏమంటారు? 1877 తీర్పంతా దాని మీదే ఉంది, దానికి ఒక్క ముక్కలో తెలుగు మాట ఉంటే నేర్చుకుంటాను.